బీచ్‌ల రేపటి లెక్క కట్టే చదువుకు ఉద్యోగాలున్నాయా?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. సముద్రమట్టం పెరిగితే తీరాలు ఎలా మారతాయో కంప్యూటర్ మోడళ్లతో అంచనా వేసే రంగంలోకి వెళ్తానంటోంది. ఇందులో ఉద్యోగాలుంటాయా? సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లమని నచ్చజెప్పమంటారా? మాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి

జవాబు: ఇప్పుడే నచ్చజెప్పకండి. మీ అమ్మాయికి నచ్చిన రంగంలో పెద్ద ప్రశ్నలు ఇంకా తేలలేదు. అక్కడ మనుషుల అవసరం ఉన్నది కూడా అందుకే.

1962లో పర్ బ్రూన్ అనే ఇంజినీర్ ఒక తేలిక సూత్రం ఇచ్చారు. మట్టం పెరిగితే బీచ్ తన వాలు మార్చుకోకుండా పైకీ వెనక్కీ జరుగుతుందన్నది దాని సారం. అలలు ఇసుకను కదిలించే మేర 600 మీటర్ల వెడల్పు ఉందనుకోండి. ఒడ్డున ఇసుక దిబ్బ పైనుంచి నీళ్లలో ఆ చివరి లోతు దాకా 10 మీటర్ల తేడా ఉందనుకోండి. మట్టం 30 సెంటీమీటర్లు పెరిగితే తీరరేఖ 18 మీటర్లు వెనక్కి పోవాలి. కాగితం మీద రెండు నిమిషాల పని.

కానీ ఈ లెక్కలో ఇసుక తీరం వెంబడి పక్కకు కొట్టుకుపోదు, నది కొత్త ఇసుక తెచ్చిపోయదు, అలలను అడ్డుకోవడానికి సముద్రంలో కట్టే బ్రేక్‌వాటర్ గోడ దాన్ని ఆపదు. నిజం తీరంలో ఇవన్నీ జరుగుతాయి. 2020లో ‘నేచర్ క్లైమేట్ చేంజ్’ పత్రికలో ఒక బృందం, ఈ శతాబ్దం చివరికి ప్రపంచంలోని ఇసుక తీరాల్లో దాదాపు సగం కనుమరుగు కావచ్చని రాసింది. వెనక్కి జరగడానికి చోటుంటే బీచ్‌లు బతుకుతాయని అదే ఏడాది అదే పత్రికలో మరో బృందం బదులిచ్చింది. ఈ రెండో మాటకు నేను చాలా విలువిస్తాను. వెనక కాంక్రీటు గోడ ఉన్న బీచ్, గోడ లేని బీచ్ ఒకేలా స్పందించవు. మోడల్ చేసేవాళ్లు నీటి వైపు ఎంత శ్రద్ధగా చూస్తారో నేల వైపూ అంతే శ్రద్ధగా చూడాలి.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. న్యూజిలాండ్‌లోని టైరువా బీచ్ మీద మోడళ్లకు ఒక పోటీ పెట్టారు. 1999 నుంచి 2014 దాకా కెమెరాతో తీసిన తీరరేఖ కొలతలు ఇచ్చి, తర్వాతి మూడేళ్లు ఊహించమన్నారు. 19 మోడళ్లు పాల్గొన్నాయి. తెలిసిన కాలాన్ని బాగానే పట్టుకున్నవి తెలియని కాలానికి వచ్చేసరికి తడబడ్డాయి. పాత కొలతల నుంచే నేర్చుకునే మెషీన్ లెర్నింగ్ మోడళ్లు కొన్ని మరీ ఎక్కువ తడబడ్డాయి. అన్నిటినీ కలిపి తీసిన అంచనాయే మెరుగ్గా వచ్చింది. అంటే కోడింగ్ తప్పకుండా రావాలి, కానీ అలల గురించి తెలియని కోడింగ్‌తో ఇక్కడ పని జరగదు. మీ అమ్మాయి ఫ్లూయిడ్ మెకానిక్స్ (ద్రవాల కదలికల శాస్త్రం), స్టాటిస్టిక్స్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మూడూ గట్టిగా పట్టుకోవాలి.

ఆసక్తి నిజమా కాదా అన్నది ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. కోస్ట్‌శాట్ అనే ఉచిత పైథాన్ టూల్ ఉంది. ల్యాండ్‌శాట్, సెంటినెల్ ఉపగ్రహ చిత్రాల నుంచి కొన్ని దశాబ్దాల తీరరేఖలను అది తీసి ఇస్తుంది. ఏదో ఒక బీచ్ ఎంచుకుని గీతలు తీయమనండి. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఇరవై మీటర్లకు ఒక మీటరు దిగే వాలున్న బీచ్‌లో నీరు ఒక మీటరు పోటెక్కితే నీటి అంచు 20 మీటర్లు లోపలికి వస్తుంది. ఒక చిత్రం ఆటులో, మరొకటి పోటులో తీసినవైతే, లేని కోత ఉన్నట్టు కనిపిస్తుంది. ఇలాంటి తేడాలు సరిచేస్తూ వారాల తరబడి కూర్చోవడం విసుగనిపిస్తే ఈ రంగం ఆమెకు సరిపడదు. అక్కడే ఉత్సాహం వస్తే ఇక ఆపకండి.

ఉద్యోగాల విషయం దాచకుండా చెబుతాను. డిగ్రీతోనే నేరుగా దొరికేవి తక్కువ. కోస్టల్ ఇంజినీరింగ్‌లోనో ఓషనోగ్రఫీలోనో మాస్టర్స్ చేయాల్సిందే. కొత్త మోడళ్లు తయారుచేసే పరిశోధనకైతే పీహెచ్‌డీ కూడా కావాలి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయాలకు ఈ సబ్జెక్టులో మంచి పేరుంది. చదువయ్యాక పోర్టులకు, తీర రక్షణ పనులకు డిజైన్లు చేసే కన్సల్టెన్సీలు, ప్రభుత్వ తీర విభాగాలు, పరిశోధన సంస్థలు తీసుకుంటాయి. వరద ముప్పు లెక్కగట్టే బీమా రంగంలోనూ ఈ నైపుణ్యం పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే కుదురుకోవడానికి మరి కొన్నేళ్లు పడుతుంది. ఆ కొన్నేళ్లు ఇంటి నుంచి ఆసరా ఇవ్వగలరా అన్నది ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. ఒకవేళ మధ్యలో మనసు మారినా నదులు, వరదల మోడలింగ్‌కూ సముద్రంలో కట్టే పవన విద్యుత్ ప్రాజెక్టులకూ ఇవే సబ్జెక్టులు కావాలి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు టాపిక్ ఇంకా ఖరారు కాకపోతే, ఆ బీచ్ లెక్కనే తీసుకుని గైడ్‌ను కలవమనండి. మాస్టర్స్‌కు అప్లై చేసేటప్పుడు ప్రొఫెసర్లకు చూపించడానికి ఆమె చేతిలో సొంతంగా చేసిన పని ఒకటి ఉంటుంది.