నలుగురిలో నాలుగోవాడివైన నీకు

చిరంజీవికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది, రెండుసార్లు చదివాను. మొదటిసారి మేనమామగా చదివితే కడుపు తరుక్కుపోయింది. రెండోసారి, ఇన్నేళ్లు ఫుట్‌బాల్ వెంట పరుగెత్తి ఆ తర్వాత కుర్రాళ్లకి ఆట నేర్పినవాడిగా చదివాను. ఈ జవాబు రాస్తున్నది ఆ రెండోవాడే. కాస్త కటువుగా ఉంటే ఏమీ అనుకోకు.

నీ బాధలు రెండు. జట్టులో ముందు వరుసలో ఆడి గోల్స్ కొట్టాల్సిన స్ట్రైకర్లు నలుగురయ్యారు, కొత్తగా వచ్చినవాడు వస్తూనే తుది పదకొండులో కుదురుకున్నాడు, నువ్వు బెంచి మీద కూర్చున్నావు. అది ఒకటి. నీ బలం బంతిని కాలితో నడిపిస్తూ ఎదుటివాళ్లను దాటే డ్రిబ్లింగ్ అయితే కోచ్ గారు పొద్దస్తమానం "పాస్ ఇవ్వు, పాస్ ఇవ్వు" అంటున్నారు. ఇది రెండోది. వీటిని నువ్వు వేర్వేరు పేరాల్లో రాశావు గానీ, నాకు మాత్రం రెండూ ఒకే బాధలా కనిపిస్తున్నాయి. బంతి నీ కాలికి తగిలాక ఏం జరగబోతోందో జట్టులో మిగతావాళ్లకి తెలియడం లేదు. ఎటు పరుగెత్తాలో, అసలు పరుగెత్తాలో వద్దో వాళ్లకి అర్థం కావడం లేదు. అలాంటప్పుడు ఏ కోచ్ అయినా తనకు అంచనా దొరికే మనిషినే ముందు దింపుతాడు.

బెంచి సంగతి ముందు చెప్తాను. ఒక్క స్థానానికి నలుగురెందుకని అడిగావు. సీజన్ పొడుగునా ఒక్కడే లాగడం ఎవరి వల్లా కాదు గనక. ఒకడికి తొడ కండరం పట్టేస్తుంది, ఇంకొకడు ఎల్లో కార్డులు పోగేసుకుని బయట కూర్చుంటాడు, మరొకడికి నెల రోజులపాటు గోల్ మొహం చాటేస్తుంది. పైగా ఆట నియమాలే మారిపోయాయి. ప్రపంచకప్‌లో ఆట మధ్యలో ఒకరి బదులు దిగే సబ్‌స్టిట్యూట్లను మొదటిసారి అనుమతించింది 1970లో. అదీ జట్టుకి ఇద్దరినే. తర్వాతి కాలంలో ముగ్గురయ్యారు. 2020లో తాత్కాలికంగా ఐదుగురి దాకా ఒప్పుకున్నారు, 2022లో దాన్ని శాశ్వతంగా నియమాల్లో చేర్చారు. పదకొండు మందిలో దాదాపు సగం మందిని మార్చే వీలుంటే ఏ కోచ్ అయినా ముందు వరుస మీదే ఎక్కువగా చెయ్యి వేస్తాడు. కాబట్టి స్ట్రైకర్ స్థానం ఇప్పుడు ఇద్దరు పంచుకునే పని. ఒకడు అరవై నిమిషాలు ఆడితే ఇంకొకడు ముప్పై ఆడతాడు. నువ్వు పోగొట్టుకున్న అరవై గురించి మూడు పేజీలు రాశావు. చేతిలో ఉన్న ముప్పై గురించి ఒక్క ముక్క రాయలేదు.

సోల్షార్ పేరు విన్నావు కదా. 1998-99 సీజన్‌లో ఇంగ్లండ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌కి యార్క్, కోల్, షెరింగమ్, సోల్షార్ అని నలుగురు స్ట్రైకర్లు ఉండేవాళ్లు. అచ్చం మీ జట్టులో లెక్కే. ఆ ఫిబ్రవరిలో నాటింగమ్ ఫారెస్ట్ మీద 8-1తో గెలిచిన మ్యాచ్‌లో సోల్షార్ చివర్లో దిగి నాలుగు గోల్స్ కొట్టాడు. అదే మ్యాచ్‌లో అతనికంటే ముందు వరుసలో ఉన్న యార్క్, కోల్ చెరో రెండు కొట్టారన్న సంగతి చాలామందికి గుర్తుండదు. పోటీదారులు మంచి ఊపు మీదున్నప్పుడు కూడా తన వంతు కోసం సిద్ధంగా ఉండటం ఎంత కష్టమో నీకిప్పుడు తెలుస్తోంది కాబట్టి చెప్తున్నాను. అదే ఏడాది మే 26న బార్సిలోనాలో యూరప్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ ఫైనల్. తొంభై నిమిషాలు నిండేసరికి అవతలి జట్టు బయర్న్ మ్యూనిక్ 1-0 ఆధిక్యంలో ఉంది. తొంభై తర్వాత కలిపే ఇంజురీ టైమ్‌లో ముందు షెరింగమ్ గోల్ కొట్టాడు. ఆ వెంటనే బెకమ్ తీసిన కార్నర్‌ని షెరింగమ్ తలతో తిప్పితే సోల్షార్ కాలు చాపి లోపలికి నెట్టాడు. ఇద్దరూ బెంచి మీద నుంచి లేచి వచ్చినవాళ్లే. బెంచి మీద కూర్చుని అవతలి డిఫెండర్లను జాగ్రత్తగా గమనించేవాణ్ణని సోల్షార్ తర్వాత రోజుల్లో చెప్పాడు. ఎవడు ఎటు తిరగలేకపోతున్నాడు, ఎవడు అలిసిపోయి తనవాళ్ల వరుసకి వెనకబడుతున్నాడు అన్నవి బయట నుంచి చూసేవాడికే బాగా కనిపిస్తాయి. నువ్వు బెంచి మీద కూర్చుని ఏం చూస్తున్నావో నిజం చెప్పు. మీ జట్టులో నీ స్థానంలో ఆడుతున్నవాడి తప్పులేగా?

నేనూ అదే చేశాను. ఒక సీజన్‌లో నాకంటే రెండేళ్లు చిన్నవాణ్ణి తెచ్చి నా చోట పెట్టారు. నేను అలిగాను. వార్మప్‌కి లెమ్మంటే నాలుగడుగులు వేసి వచ్చి కూర్చునేవాణ్ణి. ఒక మ్యాచ్‌లో అతనికి హఠాత్తుగా మడమ బెణికింది, కోచ్ నా వంక చూశారు. నా షూ లేసులు ఊడి ఉన్నాయి, షిన్‌గార్డులు బెంచి కింద పడి ఉన్నాయి. అవి వెతుక్కుని తొడుక్కునేదాకా మా జట్టు పదిమందితో ఆడింది. ఆ రెండు నిమిషాల్లోనే గోల్ తిన్నాం. కోచ్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాత నాలుగు మ్యాచ్‌ల దాకా నా వైపు చూడనూ లేదు. అందుకే చెప్తున్నాను, లేసులు కట్టుకునే కూర్చో. సెకండ్ హాఫ్ మొదలవగానే ఎవరూ చెప్పకపోయినా లేచి ఒళ్లు వేడెక్కించుకో, నాలుగైదు గట్టి పరుగులు తియ్యి. దిగాక మొదటి బంతిని మాత్రం తేలిగ్గా ఆడు, దగ్గరివాడికి ఇచ్చెయ్యి. ఆట వేగం ఒంటికి పట్టాక నీ విద్య చూపించు.

ఇంకో జంట గురించీ చెప్పాలి. 2022 ప్రపంచకప్‌లో అర్జెంటీనాకి మొదటి రెండు మ్యాచ్‌లలో లౌతారో మార్టినెజ్ ముందు ఆడాడు. మూడో మ్యాచ్ నుంచి హూలియన్ అల్వరెజ్ వచ్చి ఆ చోటు తీసేసుకున్నాడు, టోర్నీలో నాలుగు గోల్స్ కొట్టాడు. లౌతారోకి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించు. అయినా క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్ మీద షూటౌట్‌లో గెలిపించిన ఆఖరి పెనాల్టీ అతనే కొట్టాడు. రెండేళ్ల తర్వాత దక్షిణ అమెరికా దేశాల టోర్నీ 2024 కోపా అమెరికా ఫైనల్లో కూడా మొదట ఆడింది అల్వరెజే. అదనపు సమయంలో అతని బదులు దిగిన లౌతారో 112వ నిమిషంలో కొలంబియా మీద గోల్ కొట్టి కప్పు తెచ్చాడు, ఆ టోర్నీలో ఐదు గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచాడు. అతనికి పాస్ ఇచ్చిన లో సెల్సో కూడా సబ్‌స్టిట్యూట్‌గా వచ్చినవాడే.

ఇక అసలు విషయానికి వస్తాను. నువ్వు పంపిన వీడియో చూశాను. పెనాల్టీ బాక్స్ ఎడమ మూల దగ్గర నీకు బంతి అందింది. మొదటి డిఫెండర్‌ని దాటిన తీరు చూసి నేను కుర్చీలోంచి లేచాను, నిజంగా. ఎడమకి ఒరిగినట్టు ఒరిగి, బయటి పాదంతో కుడికి తోసి, ఆ ఒక్క అడుగులో వేగం పెంచావు. అంత శుభ్రంగా దాటడం నేర్పితే వచ్చేది కాదు. వీడియోని అక్కడ ఆపి చూడు. నువ్వు మొదటివాణ్ణి దాటగానే మధ్యలో ఉన్న రెండోవాడు తన మనిషిని వదిలేసి నీ మీదికి వచ్చాడు. అతను వదిలేసినవాడు పెనాల్టీ మచ్చ దగ్గర చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు, చుట్టూ ఎవరూ లేరు. నీ డ్రిబ్లింగ్‌తో నువ్వు సంపాదించింది అతన్నే. అతనికి బంతి ఇవ్వకుండా రెండోవాణ్ణి కూడా దాటబోయావు. సంపాదించిందంతా అక్కడే పోయింది.

కోచ్ గారు "పాస్ ఇవ్వు" అన్నప్పుడు నీకు "డ్రిబ్లింగ్ మానెయ్యి" అని వినిపిస్తోంది. ఆయన మనసులో ఉన్నది ఈ క్షణమే అయ్యుంటుందని నా నమ్మకం. డ్రిబ్లింగ్ మానుకోమని నేను చచ్చినా చెప్పను. అవతలివాళ్లు పదిమంది గోల్ ముందు గోడ కట్టినప్పుడు, ఎన్ని పాస్‌లు తిప్పినా ఆ గోడ కదలనప్పుడు, ఒక్కణ్ణి దాటగలిగినవాడే ఆ గోడని పగలగొడతాడు. కోచ్ కసిరాడని భయపడి, బంతి తగలగానే వెనక్కి తోసేసి చేతులు దులుపుకునే స్ట్రైకర్లని కూడా నేను చాలామందిని చూశాను. నాకు వాళ్లంటే నీకంటే ఎక్కువ చిరాకు.

1986 ప్రపంచకప్‌లో అర్జెంటీనా ఆటగాడు మారడోనా ఇంగ్లండ్ మీద సొంత సగం నుంచి బయల్దేరి, అడ్డొచ్చిన ఒక్కొక్కరినీ దాటుకుంటూ కొట్టిన గోల్ నువ్వు వందసార్లు చూసి ఉంటావు. సరిగ్గా వారం తర్వాత జరిగిన ఫైనల్లో మూడో గోల్ ఎన్నిసార్లు చూశావు? పశ్చిమ జర్మనీ రెండు గోల్స్ వెనకబడి ఉండి కూడా తేరుకుని 2-2 చేసింది. జర్మన్ ఆటగాడు మాథియస్ మ్యాచ్‌లో చాలాసేపు మారడోనాని అంటిపెట్టుకునే ఉన్నాడు. ఆరేడు నిమిషాల ఆట మిగిలి ఉందనగా మైదానం మధ్యలో బంతి మారడోనా దగ్గరికి వచ్చింది, చుట్టూ జర్మన్లు ముసురుకున్నారు. ప్రపంచంలో అందరికంటే బాగా డ్రిబుల్ చేయగల మనిషి అక్కడ ఒక్కణ్ణి కూడా దాటబోలేదు. ఒక్క తాకుడుతో ముందుకి జార్చాడు, అతని జట్టువాడు బురుచాగా ఒంటరిగా పరుగెత్తి గోల్ కొట్టాడు. తన డ్రిబ్లింగ్ అంటే వాళ్లకున్న భయమే ఆ దారి తెరిచిందని ఆయనకి తెలుసు.

1970 ప్రపంచకప్ ఫైనల్లో ఇటలీ మీద బ్రెజిల్ నాలుగో గోల్ కూడా మళ్లీ చూడు. అందులో రెండు విద్యలూ ఉన్నాయి. క్లోడోఆల్డో తన సొంత సగంలో నలుగురు ఇటాలియన్లను దాటాడు. అది 3-1తో ముందున్నప్పుడు, ఆఖరి నిమిషాల్లో చేసిన పని. 0-0 ఉన్నప్పుడు నువ్వు చేస్తే నేనూ ఒప్పుకోను. దాటాక బంతిని రివెలీనోకి వదిలేశాడు, అక్కడి నుంచి జైర్జిన్యో, అతని దగ్గర నుంచి పీలే. పీలే బంతిని ఆపి, ఒక క్షణం ఆగి, కుడి పక్కన ఖాళీలోకి మెల్లగా దొర్లించాడు. వెనక నుంచి పరుగెత్తుకొచ్చిన కార్లోస్ అల్బెర్టో అడుగు తగ్గించకుండా, బంతి ఆపకుండా అలాగే కొట్టాడు. ఆ పాస్ బరువు చూడు. పాస్ ఇవ్వడమంటే బంతిని వదిలించుకోవడం అనుకునేవాళ్లకి ఆ బరువు ఎప్పటికీ చేతకాదు. ఏ కాలికి ఇవ్వాలి, ఎంత వేగంతో ఇవ్వాలి అన్నది డ్రిబ్లింగ్ అంత సాధన అడుగుతుంది, నువ్వు దానికి రోజుకి పది నిమిషాలు కూడా ఇవ్వడం లేదు.

చేయాల్సింది చెప్తాను. బంతి నీ దగ్గరికి వస్తుండగానే భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూడు. వచ్చాక చూస్తే ఆలస్యమైపోతుంది. ఎదురుగా ఒక్కడే ఉండి, వాడి వెనక కాపు కాసేవాడు దూరంగా ఉంటే, అదీ గోల్‌కి దగ్గర్లో అయితే, వెనకాడకుండా వాడి మీదికి వెళ్లు. మొహం వంక చూడకు, పాదాలు చూడు. వాడు ముందు పెట్టిన కాలి వైపు నుంచి దాటితే ఒళ్లంతా తిప్పుకోవాల్సి వస్తుంది, ఆ అర క్షణం నీది. రెండోవాడు కదలగానే తల ఎత్తి బంతి వదులు. మన సగంలో, మధ్యలో మాత్రం ఈ సాహసం వద్దు. అక్కడ బంతి పోతే మన డిఫెండర్లు ముందుకొచ్చేసి ఉంటారు, వెనక ఎవరూ ఉండరు. ప్రాక్టీస్‌లో ఇద్దరు ఒక్కడి మీదికి వెళ్లే ఆట రోజూ ఆడు. జోడీగా ఆ కొత్తవాణ్ణే అడుగు. అవును, వాణ్ణే. మీ ఇద్దరినీ కలిపి దింపవచ్చన్న ఆలోచన కోచ్‌కి రావాలంటే ముందు మీరిద్దరూ కలిసి ఆడుతుండగా ఆయన చూడాలి. వాడు ఎత్తుగా, గోల్ ముందు బలంగా ఉన్నాడని నువ్వే రాశావు. వాడిలా కావాలని చూడకు, వాడికి లేనిది నీ దగ్గరుంది.

కోచ్ గారి దగ్గరికి వెళ్లి "నన్నెందుకు ఆడించడం లేదు" అని అడగొద్దు. "వచ్చే నెలలోపు నాలో ఏం మారాలి సార్" అని అడుగు. ఆయన చెప్పింది అక్కడే రాసుకో. ఇంతా చేసి సీజన్ చివరికి కూడా ఆడే నిమిషాలు పెరగకపోతే జట్టు మారడం తప్పేమీ కాదు. నీ వయసులో ఎంత పెద్ద జట్టులో ఉన్నావన్నది ఎవరూ చూడరు, ఎంతసేపు ఆడావో చూస్తారు. అమ్మకి నేను నచ్చజెప్తాను. ఆ నిర్ణయం మాత్రం కోపంలో తీసుకోకు.

ఒక నోట్‌బుక్ పెట్టుకో. ప్రతి మ్యాచ్ తర్వాత మైదానం బొమ్మ గీసి, బంతి పోగొట్టుకున్న ప్రతి చోటా ఒక ఇంటూ గుర్తు పెట్టు. దాని పక్కన ఆ క్షణంలో ఎవరు ఖాళీగా ఉన్నారో రాయి. గుర్తు రాకపోతే ఖాళీగా వదిలెయ్యి, ఆ ఖాళీలే నేను ముందు చూస్తాను. ఆదివారం మ్యాచ్ అయిన రాత్రే పేజీ ఫొటో తీసి పంపు. పది నిమిషాలు ఆడినా సరే, ఆడకపోయినా సరే. ఆడకపోతే అవతలి జట్టు డిఫెండర్లలో ఎవరు ఏ పక్కకి తిరగలేకపోయారో రాసి పంపు.

ఇట్లు,
మీ మామయ్య