ఐరన్ మాత్రలకు లొంగని రక్తహీనత పెద్ద వయసులో వంశపారంపర్యంగా బయటపడుతుందా?

ఏడాదిగా ఐరన్ మాత్రలు వాడినా మీ వారి హిమోగ్లోబిన్ 8 దాటలేదనీ, ఫెరిటిన్ (ఒంట్లో నిలవున్న ఐరన్‌ను తెలిపే రక్తపరీక్ష) మాత్రం పెరిగిందనీ, పుట్టుకతో వచ్చిన సిడెరోబ్లాస్టిక్ ఎనీమియా (ఐరన్ ఉన్నా ఒళ్లు వాడుకోలేని రక్తహీనత) కావచ్చని డాక్టరు గారు అన్నారనీ రాసి, 36 ఏళ్లకు అలాంటిది బయటపడుతుందా అని అడిగారు. బయటపడుతుంది. మా అన్నయ్యకు 34వ ఏట తెలిసింది.

ఎర్రకణాలు చిన్నవిగా ఉన్నాయని మొదట ఐరన్ లోపమన్నారు, తరువాత తలసీమియా అనుమానించారు, ఆ పరీక్షలో ఏమీ తేలలేదు. రెండేళ్లు మాత్రలు మింగాక ఫెరిటిన్ చూస్తే 1,400 ఉంది. ఒంట్లో ఐరన్ లేక కాదు, ఉన్నదాన్ని వాడుకోలేక వచ్చిన రక్తహీనత అది. హిమోగ్లోబిన్‌లో ఐరన్ ఉండే భాగాన్ని హీమ్ అంటారు. దాని తయారీలో మొదటి మెట్టు కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో జరుగుతుంది. అందుకు కావలసిన ఎంజైమును ఇచ్చే ఏఎల్ఏఎస్2 జన్యువులో లోపం ఉంటే, ఐరన్ హీమ్‌గా మారకుండా అక్కడే పేరుకుపోతుంది. మూలుగ పరీక్ష స్లైడును డాక్టరు గారు నాకు కూడా చూపించారు. పేరుకున్న ఐరన్ కణకేంద్రకం చుట్టూ నీలిరంగు చుక్కలుగా, పూసల దండలా వరుసకట్టి ఉంది. రెండేళ్లపాటు దగ్గరుండి మాత్రలు వేయించిన నాకు గుండె కలుక్కుమంది.

ఆ ఎంజైముకు బి6 విటమిన్ తోడు కావాలి కనుక, ఈ రకంలో చాలామందికి పైరిడాక్సిన్ (బి6) మాత్రలు పనిచేస్తాయి. అన్నయ్యకు మూడు నెలల్లో హిమోగ్లోబిన్ 7.6 నుంచి 10.9కి వచ్చింది. అయితే ఎక్కువ మోతాదు దీర్ఘకాలం వాడితే నరాలు దెబ్బతింటాయి, కాబట్టి దయచేసి సొంతంగా కొని వాడకండి. పేరుకున్న ఐరన్ కాలేయానికీ గుండెకూ చేటు చేస్తుంది గనుక, కాస్త కోలుకున్నాక దాన్ని తగ్గించడానికి అన్నయ్యకు విడతలవారీగా రక్తం తీశారు.

మద్యం, టీబీకి వాడే ఐసోనియాజిడ్, సీసం, రాగి లోపం కూడా ఇలాంటి స్థితినే తెస్తాయి. అలాంటివేమైనా ఉంటే డాక్టరు గారి దగ్గర దాచవద్దు. కండరాల నీరసం కూడా ఉంటే తప్పక చెప్పండి, ఎందుకంటే పీయూఎస్1, వైఏఆర్ఎస్2 జన్యువుల లోపాలలో రక్తహీనతతో పాటు కండరాలు బలహీనపడి రక్తంలో లాక్టేట్ పెరుగుతుంది.

ఏఎల్ఏఎస్2 ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, అందువల్ల మగవారికి తల్లి నుంచే వస్తుంది. మా మేనమామ జీవితమంతా పాలిపోయి ఉండేవారు, ఊళ్లో పాండురోగం అనేవారు. ఆ మాట మాకు అన్నయ్య పరీక్షలయ్యాకే గుర్తొచ్చింది. అన్నయ్య కొడుకుకు ఈ లోపం ఆయన నుంచి రాదు, కూతురికి మాత్రం తప్పక అందుతుంది. స్త్రీలలో చాలామందికి ఇబ్బంది ఉండదు గానీ, కొందరికి నడివయసు దాటాక రక్తహీనత కనిపిస్తుంది.

ఈసారి వెళ్లినప్పుడు ఐరన్ మాత్రలు ఆపాలా అన్నది ముందు అడగండి. మీ అత్తగారి అన్నదమ్ములలో ఎవరికైనా ఇలాంటి నీరసం, పాలిపోవడం ఉండేదేమో ఆవిడను అడిగి, కాగితం మీద రాసి తీసుకువెళ్లండి.