పెద్ద క్లబ్ ఏదో తేలాలంటే ఓడిన ఏళ్లు చూడాలి

ఈసారి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఫుట్‌బాల్ ప్రశ్నలే ఎక్కువ. వాటిలో నాలుగింటికి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాంచెస్టర్ సిటీ 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగు ఇంగ్లండ్ లీగ్ టైటిళ్లు కొట్టింది. మాంచెస్టర్ యునైటెడ్ ఆఖరిసారి గెలిచింది 2013లో. అయినా మా హాస్టల్లో సగం మంది యునైటెడే పెద్ద క్లబ్ అంటారు. దీనికి ఒక లెక్కంటూ ఉందా, ఎవరిష్టం వాళ్లదేనా?
– డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జవాబు: లెక్క ఉంది. ఇప్పుడు ఏ జట్టు బాగా ఆడుతోంది అన్నది ఒక ప్రశ్న, ఏ క్లబ్ పెద్దది అన్నది వేరే ప్రశ్న. హాస్టల్ గొడవలు చాలావరకు ఈ రెండూ కలిసిపోవడం వల్లే తెగవు. మొదటిదానికి గత నాలుగైదేళ్ల పాయింట్ల పట్టిక చాలు, అందులో సిటీదే పైచేయి. రెండోదానికి కనీసం యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

ట్రోఫీలతో మొదలుపెట్టండి, అక్కడే ఆగిపోవద్దు. లీగ్ టైటిళ్లు యునైటెడ్‌కు 20, సిటీకి 10. ఆ పదిలో ఎనిమిది 2008లో అబూదాబి యజమానులు వచ్చాక గెలిచినవే. యూరోపియన్ కప్పులు (ఇప్పటి చాంపియన్స్ లీగ్) యునైటెడ్‌కు మూడు (1968, 1999, 2008), సిటీకి ఒకటి (2023). కానీ కప్పులే కొలత అనుకుంటే నాటింగ్‌హామ్ ఫారెస్ట్ దగ్గర లెక్క తప్పుతుంది. ఆ క్లబ్ 1979లో, 1980లో వరసగా రెండు యూరోపియన్ కప్పులు గెలిచింది. తొమ్మిది లీగ్ టైటిళ్లున్న ఎవర్టన్‌కు అది ఒక్కటీ లేదు. అయినా ఫారెస్ట్ ఎవర్టన్ కన్నా పెద్దదనేవాళ్లు అరుదు.

అసలు బరువు వేయాల్సింది చెడ్డ ఏళ్లలో వచ్చిన జనానికి. 1974లో యునైటెడ్ రెండో డివిజన్‌కు పడిపోయింది. 1974-75 సీజన్‌లో ఇంగ్లండ్ మొత్తం మీద ఎక్కువ సగటు ప్రేక్షకులు ఆ కింది డివిజన్ జట్టుకే వచ్చారు, మ్యాచ్‌కు 48 వేలకు పైగా. పై డివిజన్‌లో ఉన్న లివర్‌పూల్‌కు కూడా అంతమంది రాలేదు. ఈ ఒక్క అంకె ఇరవై కప్పుల కన్నా ఎక్కువ చెబుతుంది. అదే కొలత సిటీకి పెడితే దానికీ గౌరవం దక్కుతుంది: 1998-99లో మూడో అంచె లీగ్‌లో ఆడుతున్నప్పుడు కూడా సగటున 28 వేల మందికి పైగా వచ్చారు. కాబట్టి సిటీకి డబ్బు వచ్చాకే అభిమానులు వచ్చారనడం అబద్ధం. సండర్‌లాండ్‌నూ చూడండి. మూడో అంచెలో ఉండగా 2018 డిసెంబర్ 26న ఒక్క మ్యాచ్‌కు 46,039 మంది వచ్చారు. పెద్ద క్లబ్ అంటే అదీ.

ఇక్కడ చాలామంది పొరపడేది స్టేడియం సీట్ల దగ్గర. సీట్లు క్లబ్ సైజును చెప్పవు. ఇటలీ క్లబ్ యువెంటస్ దాదాపు 69 వేల సీట్ల డెల్లె ఆల్పి స్టేడియం వదిలేసి 2011లో సుమారు 41 వేల సీట్ల స్టేడియం కట్టుకుంది. చివరి ఏళ్లలో పాతది సగం కూడా నిండేది కాదు. అందుకని పదేళ్ల సగటు హాజరు రాసుకోండి, పక్కన సీట్లలో ఎన్నో వంతు నిండిందో వేయండి, ఆ పదేళ్లలో జట్టు బాగా దిగజారిన సీజన్ కింద గీత గీయండి.

ఆ తర్వాత డబ్బు. క్లబ్ ఆదాయం మూడు దారుల్లో వస్తుంది: మ్యాచ్ రోజు టికెట్లు, టీవీ హక్కులు, స్పాన్సర్లు-జెర్సీలు. ఇంగ్లండ్ పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ దేశీయ టీవీ డబ్బులో సగం అందరికీ సమానంగా పంచుతుంది, పావు వంతు పట్టికలో స్థానాన్ని బట్టి, మిగతా పావు వంతు ఎన్ని మ్యాచ్‌లు ప్రత్యక్ష ప్రసారానికి ఎంచుకున్నారన్న దాన్ని బట్టి ఇస్తుంది. ఈ చివరి పావు వంతు మీద కన్నేయండి. పట్టికలో కింద ఉన్నా టీవీవాళ్లు ఎవరిని పదేపదే చూపిస్తున్నారో వాళ్లకు జనం ఉన్నట్టు. మొత్తం ఆదాయంలో మాత్రం 2020-21లోనే సిటీ యునైటెడ్‌ను దాటింది. మా తీర్పు: ఈ రోజుకు యునైటెడే పెద్దది. కానీ 2012లో ఏడెనిమిదేళ్ల వయసులో ఆట చూడడం మొదలుపెట్టిన పిల్లలు ఇప్పుడు సంపాదనపరులయ్యారు, వాళ్లు చూసింది సిటీ గెలుపులే. తేడా తరుగుతోంది.

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్ ఫాలోవర్లు ఎక్కువున్న క్లబ్బే పెద్దది అనుకోవచ్చా?
– పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: వద్దండి. రొనాల్డో చేరకముందు సౌదీ క్లబ్ అల్ నసర్‌కు పది లక్షల లోపు ఫాలోవర్లు ఉండేవారు. 2022 డిసెంబర్ ఆఖర్లో సంతకం చేశాక కొద్ది వారాల్లోనే కోటి దాటారు. అప్పటికి అదే ఊరి అల్ హిలాల్ ఆసియా చాంపియన్స్ టైటిల్ నాలుగుసార్లు గెలిచింది, అల్ నసర్ ఒక్కసారీ గెలవలేదు. ఆ ఫాలోవర్లలో ఎక్కువమంది ఆటగాడి వెంట వచ్చినవాళ్లు.

ప్రశ్న: మా తాతగారు ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసిన రోజుల నుంచి మా ఇంట్లో అందరూ మోహన్ బగాన్. మా బావ ఒక్కడే ఈస్ట్ బెంగాల్. ఏది పెద్దది?
– పాఠకుడు, పలాస

జవాబు: రెండూ కోల్‌కతా క్లబ్బులే. మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి కోల్‌కతాలో జరిగే ఐఎఫ్‌ఏ షీల్డ్ టోర్నీ గెలిచిన తొలి భారతీయ జట్టు అయింది. ఈస్ట్ బెంగాల్ 1920లో మొదలైంది, దేశ విభజన తర్వాత తూర్పు నుంచి వచ్చినవాళ్లు దాన్ని తమ క్లబ్‌గా చేసుకున్నారు. ఇటీవలి ట్రోఫీల్లో మోహన్ బగాన్ చాలా ముందుంది, 2023-24లోనూ 2024-25లోనూ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) పట్టికలో మొదటి జట్టుకిచ్చే షీల్డ్ దానిదే. సైజులో మాత్రం మీ బావను చిన్నబుచ్చకండి. 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో ఈ రెండూ తలపడితే సాల్ట్ లేక్ స్టేడియానికి 1,31,781 మంది వచ్చారు, ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. ఒక్క క్లబ్ అంత జనాన్ని తేలేదు. ఎదుటివాడు పెద్దవాడైతేనే మనమూ పెరుగుతాం.

మన తెలుగునాట ఇలాంటి క్లబ్బులు వేళ్లూనలేదు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం (రహీం సాబ్) శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. కానీ అది ఒక శాఖ జట్టు, టికెట్ కొనే అభిమానుల మీద నిలిచిన క్లబ్ కాదు.

ప్రశ్న: మా మండలంలో రెండు క్లబ్బులు. ఒకటి పండగ టోర్నమెంట్లలో కప్పులు తెస్తుంది, ఇంకొకటి పిల్లలకు ఆట నేర్పుతుంది. ఏది పెద్దదని చెప్పాలి?
– వ్యాయామ ఉపాధ్యాయుడు, ఆమదాలవలస

జవాబు: రెండింటి హాజరు పుస్తకాలు అడగండి మాస్టారూ. జూన్‌లో ఎంతమంది చేరారు, పరీక్షలు దాటాక ఏప్రిల్‌లో ఎంతమంది మిగిలారు, టోర్నమెంట్ ఆడిన పదకొండు మందిలో ఆ క్లబ్‌లోనే ఆట నేర్చినవాళ్లు ఎంతమంది. ఈ మూడు అంకెలు చాలు. బయటి నుంచి డబ్బిచ్చి ఆటగాళ్లను తెచ్చుకునే జట్టు ఒక్క దాత మీద నడుస్తుంది, ఆయన చెయ్యి వెనక్కి తీసుకుంటే ఆ ఏడాదే మూతపడుతుంది. అరవై ఇళ్ల నుంచి నెలకు వంద రూపాయలు వస్తే ఆరు వేలు, పది ఇళ్లు మానేసినా ఐదు వేలు మిగులుతాయి. ఆ డబ్బుతో ముందు సరైన బంతులు కొనండి: ఎనిమిదేళ్లలోపు పిల్లలకు 3వ సైజు, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వారికి 4వ సైజు, పదమూడు దాటితేనే 5వ సైజు. ఇద్దరికి ఒక బంతి ఉండాలి. ఇరవై మందికి ఒక్క బంతి ఇస్తే ఎక్కువ సేపు నిలబడి చూడడమే అవుతుంది, అలాంటి పిల్లలు నెల తిరక్కుండానే మానేస్తారు.