లూప్ ఉబ్బినంత మాత్రాన ఫెర్రోఎలక్ట్రిక్ అనలేం

కైరల్ (అద్దంలోని ప్రతిబింబంతో సరిపోలని) తోకలు తగిలించిన రాగి కాంప్లెక్స్ కాలమ్నర్ దశలో, అంటే పళ్లెం లాంటి అణువులు స్తంభాలుగా పేర్చుకునే ద్రవ స్ఫటిక దశలో, కోడిగుడ్డు ఆకారంలో హిస్టెరిసిస్ లూప్ (వోల్టేజ్ పెంచి తగ్గిస్తే పోలరైజేషన్ గీసే మూసిన వంపు) ఇస్తోందని, అది ఫెర్రోఎలక్ట్రిక్కేనా, అంటే ఫీల్డ్‌తో తిరగబడే సొంత పోలరైజేషన్ (విద్యుత్ ధ్రువణం) ఉన్నదేనా అని అడిగారు కదండీ. మీరు చెప్పిన ఆకారాన్ని బట్టి అది చాలావరకు లీకేజ్ కరెంటే, అంటే పదార్థం గుండా కారిపోయే కరెంటే. నేనూ ఒకసారి అలాంటి లూప్ చూసి సంబరపడ్డాను. తీరా చూస్తే శాంపిల్‌లో అసిటేట్ లవణం మిగిలిపోయి ఉంది, కరెంటు మోసింది దాని అయాన్లే. అందుకే ముందు మళ్లీ శుద్ధి చేయండి.

తర్వాత ఐటీఓ సెల్‌కి (పారదర్శక వాహక పూత ఉన్న రెండు గాజు పలకల మధ్య శాంపిల్ నింపే సెల్) త్రిభుజాకార వోల్టేజ్ ఇచ్చి కరెంట్ చూడండి. నిరోధం వల్ల వచ్చే కరెంట్ వాలుగీతలా, కెపాసిటెన్స్‌ది చదునైన మెట్టులా ఉంటాయి. పోలరైజేషన్ తిరగబడితే వాటి మీద విడిగా ఒక శిఖరం లేస్తుంది. వోల్టేజ్ పెంచుతూ పోతే ఆ శిఖరం వైశాల్యం ఒకచోట ఆగాలి. ఆగకుండా పెరుగుతూనే ఉంటే నమ్మకండి. కాలమ్నర్ దశ బాగా చిక్కగా ఉంటుంది కాబట్టి క్లియరింగ్ ఉష్ణోగ్రతకి (ద్రవ స్ఫటికం మామూలు ద్రవంగా మారే ఉష్ణోగ్రత) కాస్త కింద, 1 హెర్ట్జ్ కన్నా తక్కువలో ప్రయత్నించండి.

ఇంకో ముఖ్యమైన మాట. కైరాలిటీ ఒక్కటే చాలదు, అణువుల పళ్లేలు స్తంభం అక్షానికి వాలి ఉండాలి. 1992లో బాక్, హెల్‌ఫ్రిష్ అనే పరిశోధకులు కాలమ్నర్ ద్రవ స్ఫటికంలో చూపిన స్విచింగ్‌కి (ఫీల్డ్‌తో పోలరైజేషన్ తిరగబడడానికి) ఆధారం ఆ వాలే. అది లోహం లేని పదార్థమే అయినా సౌష్ఠవం లెక్క మీకూ వర్తిస్తుంది. ఎక్స్‌రేలో వాలు లేని షడ్భుజ అమరిక తేలితే ఈ దారిలో పోలరైజేషన్ రాదు. పోలరైజింగ్ మైక్రోస్కోపులో ఫీల్డ్ దిశ మార్చినప్పుడు, శాంపిల్‌లో కనిపించే నల్లటి శిలువ ఆకారం తిరుగుతోందా? అది చూసి, రెసిమిక్ శాంపిల్‌తోనూ (కుడి, ఎడమ కైరల్ రూపాలు సమానంగా కలిసినది) పోల్చి ఇక్కడ రాయండి.