కోడలి సంగతి సరే, కొడుకుని అడిగారా?

నా వయసు 61. టీచరుగా రిటైరయ్యాను. మావారు పోయి నాలుగేళ్లు. జనవరిలో అబ్బాయి, కోడలు, మూడేళ్ల మనవడితో అండమాన్ వెళ్లాను. హేవ్‌లాక్ దీవిలో ఉన్న మూడు రోజులూ బాబుతో గదిలోనే సరిపోయింది. వాళ్లిద్దరూ ఎలిఫెంట్ బీచ్‌కి అడవిదారిన నడిచి వెళ్లారు. రాధానగర్ బీచ్‌కి బయల్దేరేటప్పుడు అబ్బాయి ‘వస్తావా అమ్మా’ అంటే ‘నాకెందుకు నాన్నా, మీరు వెళ్లిరండి’ అన్నాను. రాస్ ఐలాండ్‌లో మాత్రం నేనూ తిరిగాను. కూలిన గోడల మీద చెట్ల వేళ్లు, చెయ్యి చాపితే దగ్గరికొచ్చే జింకలు, నెమళ్లు. కోడలు నన్ను ఆయాని చేసింది. వాళ్లమ్మతో మాట్లాడమంటారా?
– ఒక తల్లి, కాకినాడ

వియ్యపురాలితో మాట్లాడకండి. ఆ ఆలోచన ఈ రోజుతో మానేయండి.

అమ్మా, గదిలో మిమ్మల్ని ఉంచింది కోడలు అంటున్నారు. మిమ్మల్ని అడిగిందీ, మీ జవాబు విని వెళ్లిపోయిందీ మీ అబ్బాయి. ‘నాకెందుకు’ అని మన ఇళ్లలో అమ్మ అంటే, ఇంకోసారి అడగమని అర్థం. మీవారు ఉంటే ఆ రెండోసారి అడిగేవారు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవారు కూడా. అబ్బాయి అడగలేదు. మిమ్మల్ని కోసింది అదేనని నాకనిపిస్తోంది. కొడుకు మీద కోపం తెచ్చుకోవడం చేతకాక, దాన్ని కోడలి మీద పెట్టారు. ఆ అమ్మాయికి ఇది అన్యాయం.

మీ అబ్బాయిని నేను వెనకేసుకు రావడం లేదు. జనవరిలో అక్కడ అయిదున్నరలోపే పొద్దు గుంకుతుంది. ఒక్క గంట కొడుకుని భుజాన వేసుకుని, తల్లిని ఇసుకలో కూర్చోబెట్టడం అతని బాధ్యత. కానీ తన అమ్మకి సముద్రం ఇష్టమని అతనికి తెలుసా? ఎప్పుడైనా చెప్పారా? అన్నేళ్లు పిల్లల్ని నిలబెట్టి ‘గట్టిగా చెప్పు’ అన్న టీచరమ్మ మీరు. మనవడిని చూసుకోవడం ప్రేమే, కాదనను. అడగని త్యాగం చేసి తర్వాత లెక్క రాసుకుంటే మాత్రం ఆ ప్రేమ చేదెక్కుతుంది.

మళ్లీ వెళ్లండి. వచ్చే చలికాలం, మీ పెన్షన్ డబ్బుతో, తోటి టీచరు ఎవరైనా ఉంటే వాళ్లతో. పోర్ట్‌బ్లెయిర్‌లో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, భాష గురించి టెన్షన్ పడక్కర్లేదు. అక్కడి నుంచి చిడియా టాపుకి కారు వెళ్తుంది, సాయంత్రం అక్కడ పక్షుల్ని చూడొచ్చు. నీల్ ఐలాండ్ చిన్నది, నెమ్మదిగా నడిచే వాళ్లకి బాగుంటుంది. అక్కడి సహజ రాతి వంతెన దగ్గరికి మాత్రం ఆటు ఉన్నప్పుడు, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, రాళ్ల మీదుగా వెళ్లాలి, మోకాళ్లు నొప్పులైతే వద్దు.

ముందు అబ్బాయికి ఫోన్ చేయండి. ‘రాధానగర్ చూడాలని నాకూ ఉందిరా, నువ్వు ఇంకోసారి అడుగుతావనుకున్నాను’ అనండి. బాబుకి ఫోన్ ఇవ్వమనే ముందే అనండి.