కాంగ్రెస్‌కు పోటీ చేయాలంటే లా చదివితే చాలా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలోనే పుట్టింది. మేరీల్యాండ్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ రెండో ఏడు చదువుతోంది. ఎప్పటికైనా కాంగ్రెస్‌కు (అమెరికా పార్లమెంటుకు) పోటీ చేస్తానంటోంది. లా చేయిస్తే సరిపోతుందా?
– ఒక తల్లి, మేరీల్యాండ్

జవాబు: సరిపోదండీ. అదే యూనివర్సిటీలో 1963లో డిగ్రీ పూర్తిచేసి, మేరీల్యాండ్ నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికైన డెమోక్రాట్ నేత స్టెనీ హోయర్ దారి చూడండి. లా చదువుతూనే సెనేటర్ డేనియల్ బ్రూస్టర్ ఆఫీసులో పనిచేశారు. తర్వాత కాంగ్రెస్ దిగువ సభ స్పీకర్ అయిన నాన్సీ పెలోసీ కూడా అప్పట్లో ఆ ఆఫీసులోనే ఉండేవారు. 1966లో లా పట్టా చేతికొచ్చింది, ఆ ఏడాదే 27 ఏళ్లకు రాష్ట్ర సెనేట్‌కు (శాసనసభ ఎగువ సభకు) గెలిచారు. 1975లో ఆ సభకు అధ్యక్షుడయ్యారు. 1978లో లెఫ్టినెంట్ గవర్నర్ (రాష్ట్రంలో గవర్నర్ తర్వాతి స్థానం) పదవికి దిగి ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే ఓడారు. 1981 ఉప ఎన్నికలో గానీ కాంగ్రెస్ గడప తొక్కలేదు.

పార్టీ నాయకత్వం సంగతి వేరు. దానికి ఓటేసేది జనం కాదు, సొంత పార్టీ సభ్యులు. విప్ (సభ్యుల ఓట్లు కూడగట్టే నాయకుడు) పదవికి హోయర్ 1991లో డేవిడ్ బోనియర్ చేతిలో, 2001లో 95-118 ఓట్లతో పెలోసీ చేతిలో ఓడారు. 2002లో అది దక్కింది. 2006 చివర్లో 149-86తో మెజారిటీ లీడర్‌గా (సభలో స్పీకర్ తర్వాతి పార్టీ నాయకుడిగా) ఎన్నికయ్యారు. తోటి సభ్యుల ప్రచారానికి విరాళాలు సేకరించాలి, ఎవరి ఓటు ఎటో ముందే లెక్కగట్టాలి. ఇవి ఏ లా కాలేజీలోనూ రావు.

మీ అమ్మాయిని వచ్చే వేసవికి మీ కాంగ్రెస్ సభ్యుడి స్థానిక ఆఫీసులో ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేయమనండి. వాషింగ్టన్ ఆఫీసుకన్నా ఇదే మేలంటాను. వీసా ఆగిపోయినవాళ్లు, సోషల్ సెక్యూరిటీ డబ్బు రానివాళ్లు వచ్చేది ఇక్కడికే. ఆ తర్వాత రాష్ట్ర రాజధాని అనాపొలిస్‌లో అనుభవం సంపాదించమనండి. రాష్ట్ర శాసనసభ జనవరి రెండో బుధవారం మొదలై 90 రోజులు నడుస్తుంది. డెలిగేట్‌గా (శాసనసభ దిగువ సభ సభ్యురాలిగా) పోటీకి 21 ఏళ్లు నిండాలి, నియోజకవర్గంలో ఆరు నెలలు ఉండాలి. కాంగ్రెస్ దిగువ సభకు 25 ఏళ్లు.

హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ చదివింది ఇంజినీరింగ్. మాంట్‌గోమరీ కౌంటీ రవాణా శాఖలో ఉద్యోగం చేస్తూనే డెలిగేట్ అయ్యారు. 2018లో కాంగ్రెస్ ప్రైమరీలో ఓడినా 2023లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేశారు.

చాలామంది పై చదువుకని వేరే రాష్ట్రం వెళ్లి అక్కడే ఉండిపోతారు. సొంత ఊళ్లో పరిచయాలు తెగిపోతే పోటీకి దిగేనాటికి వెంట నడిచేవాళ్లు ఉండరు. లా చేసినా దగ్గర్లోనే చేయమనండి.

మరో మాట. ఓటరు నమోదులో ఆమె పార్టీ రాసిందో లేదో ఈ వారమే చూసుకోమనండి. రాయకపోతే మేరీల్యాండ్‌లో పార్టీ ప్రైమరీలో ఓటు ఉండదు.