2014 నాటి కంప్యూటర్: బాగుచేయించాలా, మార్చేయాలా?

ప్రశ్న: మా డెస్క్‌టాప్ 2014లో కొన్నది. నాలుగో తరం కోర్ ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 ఉన్నాయి. స్విచ్ వేశాక పని మొదలుపెట్టడానికి ఐదారు నిమిషాలు పడుతోంది. మా అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టులు, నా బ్యాంకు పనులు దీని మీదే. ‘దీని మీద ఇక రూపాయి కూడా పెట్టకండి, కొత్తది కొనండి’ అని షాపులో అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం

జవాబు: షాపువారి మాట సగమే నిజం. కంప్యూటర్ మొరాయిస్తున్నప్పుడే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. అందులో ‘డిస్క్’ గడి 100 శాతం దగ్గర నిలిచిపోయి, ‘సీపీయూ’ గడి ఇరవై, ముప్ఫై దగ్గరే తచ్చాడుతుంటే, ప్రాసెసర్ చేతులు ముడుచుకుని హార్డ్ డిస్క్ కోసం కాచుకుని ఉందన్నమాట. పాత హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 నుంచి 150 ఎంబీ చదివితే, దాని స్థానంలో అదే సాటా తీగకు తగిలించే ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలకు బదులు చిప్‌లలో సమాచారం దాచే డిస్క్) 500 ఎంబీ దాకా చదువుతుంది. చెల్లాచెదురుగా పడి ఉన్న చిన్న ఫైళ్లను ఏరి తేవడంలో తేడా ఇంకా ఎక్కువ, విండోస్ మొదలయ్యేటప్పుడు జరిగేది ముఖ్యంగా ఆ పనే.

కాబట్టి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించండి. రేపు కంప్యూటర్‌ను వదిలించుకున్నా ఆ ఖర్చు వృథా కాదు, చిన్న యూఎస్‌బీ కేసులో పెట్టి కొత్తదానికి తగిలించుకోవచ్చు. ర్యామ్ సంగతి వేరు. మీది డీడీఆర్3 అనే పాత రకం, కొత్త మదర్‌బోర్డుల్లో అది కూర్చోదు, అందువల్ల వాడిన 4 జీబీ ముక్క చవగ్గా దొరికితేనే తీసుకోండి. బోర్డు, ప్రాసెసర్ మారుస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. వాటితో పాటు ర్యామ్ కూడా మార్చక తప్పదు, చివరికి మీ పాతదాంట్లో మిగిలేది రేకు డబ్బా.

మీ ఇల్లు సముద్రానికి దగ్గర కనుక మూత తీసినప్పుడు మరో పని కూడా చేయించండి. ర్యామ్ అంచునున్న పసుపు పట్టీలు ఉప్పుగాలికి మసకబారి ఉంటే, కరెంటు పూర్తిగా తీసేసి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దాలి. ఒక వానాకాలం నా కంప్యూటర్ బీప్‌మంటూ మొండికేస్తే, రెండు రోజులు తలపట్టుకున్నాక పనిచేసిన వైద్యం ఇదే.

ఇక షాపువారి మాటలో నిజమైన సగం. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతో పాటు, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ప్రాసెసర్ కావాలి, కనుక మీది అర్హత పొందదు. దొడ్డిదారిన ఎక్కించే పద్ధతులు ఉన్నా, బ్యాంకు పనులు చేసే యంత్రం మీద ఆ ప్రయోగం నేను చేయను. విండోస్ అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకుంటే అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు అందుతాయి. ఆ తరువాత విండోస్‌కు బదులుగా, ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే బ్రౌజర్, రిపోర్టులు, తెలుగు టైపింగ్ అన్నీ సాగిపోతాయి. మీ అమ్మాయి కళాశాలలో విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ అడుగుతారేమో ముందే కనుక్కోండి. అడిగే పక్షంలో ఎస్‌ఎస్‌డీతో ఆగి, మిగతా డబ్బు కొత్త కంప్యూటర్‌కు దాచుకోండి.

హార్డ్ డిస్క్‌ను షాపువారి చేతికి ఇచ్చే ముందు రిపోర్టులు, ఫొటోలు మరోచోట కాపీ చేసుకోవడం మరవకండి.